పది లెక్కపెట్టేంతసేపు

జూన్ 9, సోమవారం

ఈ రోజూ పలికినాను. ఈ రోజూ వినపడలేదు.

పొద్దున ఏడు గంటలకు గుంతకల్లు నుంచి మాస్టారి గొంతు. రైల్వేలో తంతి కొట్టి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఆ పద్ధతే — హాజరు పట్టీ చదివినట్టు ఒక్కొక్క ఊరినీ పిలుస్తాడు. రోజూ నడిచే ఈ హాజరునే నెట్టు అంటాం. బళ్ళారి. రాయచూరు. అనంతపురం. కడప. అందరూ తమ తమ రేడియోల్లోంచి పలుకుతారు. ఆఖర్న నా వంతు. "ఎమ్మిగనూరు అమ్మాయి ఉంటే పలుకమ్మా. పది లెక్కబెడతా."

ఆ పది అంకెల సేపు ఇంకెవరూ నోరు తెరవరు. ఆ ఖాళీ నాది. మైకు నొక్కి నా కాల్ సైన్, లైసెన్సులో ఇచ్చిన ఆ అక్షరాల పేరు, రెండుసార్లు చెప్తాను. ఆయన దాకా పోదు. "సరే, రేపు చూద్దాం" అంటాడు.

హామ్ రేడియో లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల "రేపు చూద్దాం".

జూన్ 10

తప్పు రేడియోది కాదు. యాంటెన్నాది. బీరువా వెనక నుంచి కిటికీ దాకా లాగిన ఆరడుగుల తీగ — దాంతో వినచ్చు, వినిపించలేము. తెలిసే అదే తీగతో ఇన్నాళ్ళు పలికినాను. ఎందుకు? పెద్దది కట్టి, అప్పుడూ వినపడకపోతే... అప్పుడిక ఏ వంకా ఉండదు కదా.

సాయంత్రం టేపు పట్టుకుని పెరడు కొలిచినాను. పొడుగు పద్దెనిమిది అడుగులు. వెడల్పు పదహారు. అందులోనే కరివేపాకు చెట్టు, నీళ్ళ తొట్టి, బట్టల దండెం.

కావలసింది అరవై ఆరు అడుగుల తీగ. సగం తరంగం. ఈ లెక్క ఫస్టియర్ పిల్లలకు ఏటా బోర్డు మీద చేయిస్తాను. స్థలం ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు ఇంతవరకు.

జూన్ 12, గురువారం

మాస్టారు పొద్దున చెప్పినాడు — ఈ నెల ఆఖరి ఆదివారంతో చాలిస్తున్నానని. కూతురి దగ్గరికి బెంగళూరు. ఎనిమిదో అంతస్తు. బాల్కనీలో గుడ్డలు కూడా ఆరేయనీయరంట, ఇంక తీగ యాడ కట్టేది అని నవ్వినాడు. ఆ తర్వాతి మంగళవారం లారీ. అప్పటిదాకా యాంటెన్నా ఉంటుంది, తర్వాత దింపేస్తారు.

నా వంతు వచ్చినప్పుడు వెంటనే లెక్కపెట్టలేదు. ముందు ఈ మాట అన్నాడు — "అమ్మాయీ, లాగ్ బుక్కులో నీ పేరు రాసి, పక్కన టైము గడి ఖాళీగా పెట్టినా. అక్టోబర్ నుంచి అట్లే ఉంది. అది నిండితే పుస్తకం మూసేస్తా."

పది లెక్కపెట్టినాడు. పలికినాను. పోలేదు.

పదిహేడు రోజులు.

జూన్ 13

ఫోన్ చేయొచ్చు. చేసినాను కూడా ఒకసారి, మార్చిలో. నేను రోజూ వింటున్నాను సార్, పలుకుతున్నాను సార్ అని. "తెలుసు. ఫోన్లో ఎవురైనా పలుకుతారు" అన్నాడు. కోపంగా కాదు.

మాస్టారు మా కాలేజీకి వచ్చి రేడియో చూపించిన రోజు అరవై మంది పిల్లలు. గంట కొట్టగానే అరవై మందీ పోయినారు. నేను మిగిలినాను. ఆయన చెవుల నుంచి హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చినాడు. ఎవరో, ఎక్కడో, తన ఊళ్ళో వాన పడుతోందని చెప్తున్నాడు. అంతే. మొగుడితో తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. వాన పడుతోందని కూడా చెప్పుకోలేదు మేము.

జూన్ 14

ఆదోనిలో, కాలేజీ అయినాక, ఫ్రిజ్ రిపేరు షాపులో రాగి గొట్టం కొన్నాను. లూపు చేద్దామని. వలయంలాగా వంచి కెపాసిటర్ పెడితే మూడడుగుల్లో అయిపోతుంది, వరండాలోనే. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

షాపతను గొట్టం చుట్టిస్తూ — "బిగించేకి సార్ వస్తాడా మేడమ్?"

"వస్తాడు" అన్నాను.

ఏ సారు? ఎందుకట్లా అన్నాను? మాట అక్కడితో అయిపోవాలని. అంతే.

జూన్ 15, ఆదివారం

లూపు అయింది. చూడ్డానికి బాగుంది. మొండిది. వెంట్రుకవాసి తిప్పితే ట్యూన్ పోతుంది, చెయ్యి దగ్గరికి తెస్తే పోతుంది, నేను కుర్చీలో కదిలితే పోతుంది. ఊపిరి బిగబట్టి పలికినాను.

రాయచూరాయన ఒక్కడు "ఎవరో గీరినట్టుంది మాస్టారూ" అన్నాడు.

ఎవరో. గీరినట్టు.

జూన్ 16

గడ నిలబెట్టడం ఇంకో దారి. ముప్పై అడుగుల గడ, దాని వెంబడి తీగ, కింద మట్టిలో నాలుగు తీగలు. పెరట్లో పట్టేస్తుంది. రెండు గంటలు లెక్కలు వేసినాక తెలిసింది — నిలువు యాంటెన్నా దూరాన్నే చూస్తుంది. మాట నేల బారునే పోయి, ఆకాశాన్ని ఎక్కడో దూరంగా తాకి ఇంకా దూరంగా దిగుతుంది. సుమత్రాలో వినపడతాను. గుంతకల్లులో వినపడను.

దగ్గరి వాళ్ళకు వినపడాలంటే అడ్డంగా, పొడుగ్గా, కిందగా కట్టాల. అప్పుడు మాట నెత్తి మీదికి పోయి, చుట్టుపక్కల ఊళ్ళ మీద వానలాగా పడుతుంది.

అరవై ఆరు అడుగులు. మేడ మీది పైపు నుంచి మొదలుపెడితే నా గోడ దగ్గరికి సగం. మిగతా సగం పక్కింటి ఈరమ్మక్క పెరట్లో. ఆ కొస కట్టడానికి అక్కడ ఒకటే ఉంది — వేపచెట్టు.

దాని గురించి రాయాలనిపించడం లేదు.

జూన్ 17

రాస్తాను.

పోయిన ఏడు, ఎండాకాలం. ఆ వేపకొమ్మ ఒకటి గోడ దాటి నా మేడ మీదికి వచ్చేది. సోలార్ హీటరు మీద నీడ. ఈరమ్మక్క, ఆమె మొగుడు నీలకంఠన్న మంత్రాలయం పోయిన రోజు కూలీని పిలిచి కొట్టించినాను. వాళ్ళు లేని రోజు చూసి కాదు... కాదా? గోడకు ఇవతల ఉన్నది నాది అనుకున్నాను. చట్టం కూడా అట్లే ఉంది.

ఆ కొమ్మ కిందే ఆమె రాట్నం. ఆయన మగ్గానికి కండెలు చుట్టేది అక్కడే కూర్చుని. కొమ్మ పోయినాక గోడ వారన అంతా ఎండ. రాట్నం ఇంట్లోకి పోయింది, నా రేడియో గది గోడకు అవతలి గదిలోకి. తిరిగి వచ్చి చూసి ఒక్క మాట అనలేదు. అన్నుంటే బాగుండు. పద్నాలుగు నెలలుగా అనలేదు.

జూన్ 18

గోడ దగ్గర నిలబడినాను. కరివేపాకు కోస్తున్నట్టు. అవతల బిందె చప్పుడు. అక్కా అనబోయినాను. కరివేపాకు పట్టుకుని లోపలికి వచ్చినాను. కూర లేదు ఈ రోజు.

జూన్ 19

పదకొండు రోజులు. కాదు, పది. తీగ కొన్నాను. రేడియో నుంచి తీగ దాకా పోయే కేబులు ఆర్డరు పెట్టినాను. చెట్టు ఇంకా అడగలేదు.

జూన్ 20, శుక్రవారం

పోయినాను.

ఈరమ్మక్క రాట్నం ముందరే ఉంది. చూసింది, చక్రం ఆపలేదు. చాప చూపించింది. కూర్చున్నాను. అట్లా ఉద్దేశించి పోలేదు కానీ ముందు కొమ్మ గురించే నోట్లోంచి వచ్చింది — అడగకుండా కొట్టించడం తప్పని. ఆమె చేతిలోని కండె నింపి పక్కన పెట్టింది.

"ఇది సెప్పనే వచ్చినావా, ఇంకేమన్నా పనుండాదా టీచరమ్మా?"

ఉంది అన్నాను. చెప్పినాను. తీగ, చెట్టు, గుంతకల్లు.

"కొట్టేటప్పుడు అడగల్యా. కట్టేకి అడగను వచ్చినావు." నవ్వింది. పొగాకు పళ్ళు. "పోనీలే, ఇప్పుడన్నా నేర్చినావు."

అప్పుడు అడిగింది — "పొద్దున్నే ఎవుర్ని పిలుస్తావు రోజూ? అవేవో అచ్చరాలు సెప్తావు, మళ్ళా సెప్తావు, ఊరుకుంటావు. ఆయప్ప పలకడా?"

గోడ అంత పలచనని నాకు తెలీదు. నా మాట ఆయనకు చేరదు అక్కా అన్నాను.

"నాకు ఇనపడతాదే. నువ్వు పిలిచేటప్పుడు రాట్నం ఆపుతా. నీకు ఇనపడల్ల గదా ఆయప్ప మాట."

ఏడు గంటలకు అవతల గది నిశ్శబ్దంగా ఉండడం... ఆమె నీళ్ళకో, పొయ్యి దగ్గరికో పోయేవేళ అనుకున్నాను ఇన్నాళ్ళు. మాట్లాడుకోని ఆ నెలలన్నీ కూడా ఆపిందన్నమాట.

"థాంక్స్" అన్నాను. ఆ మాట ఆ ఇంట్లో ఎంత ఎబ్బెట్టుగా ఉందో.

జూన్ 22, ఆదివారం

నీలకంఠన్న చెట్టు చూసినాడు. తీగ చూసినాడు. వేళ్ళ మధ్య పెట్టి రాసి చూసినాడు, నూలు నాణ్యం చూసినట్టు. అరవై దాటిన మనిషి, చెట్టెక్కడానికి ఎవర్నీ పిలవనీయలేదు.

నేను తీగ కొసను కొమ్మకు గట్టిగా ముడేయమన్నాను. తల ఊపినాడు — కాదని. చెట్టు గాలికి ఊగుతాది, తీగ తెగుతాది అన్నాడు. తాడు కట్టి, కొమ్మ పంగలోంచి ఇవతలికి వేసి, కొసకు రాయి వేలాడదీస్తే చెట్టు ఊగినప్పుడు రాయి ఎక్కి దిగుతుంది, బిగువు మాత్రం మారదంట. ఆయన మగ్గం మీద పోగు బిగువుకు అట్లాంటిదే ఒక రాయి ఉంది. నేను చదివిన పుస్తకంలో ఇదే చెప్పడానికి రెండు పేజీలు, ఒక బొమ్మ.

"ఇది పుస్తకంలో కూడా ఉందన్నా" అన్నాను.

"వాడు యా ఊరి సాలాయప్పనో" అన్నాడు. ఆయన లెక్కలో పుస్తకం రాసినవాడూ నేతగాడే.

జూన్ 25

గాలి. ఆషాఢం రాకముందే ఈ గాలి. రాయి ఎక్కుతోంది, దిగుతోంది. తీగ కదలడం లేదు. మేడ మీద నిలబడి గంటసేపు చూసినాను.

కేబులు రాలేదు. కొరియరు ఆఫీసుకు ఫోన్ — "బండి లోడయింది మేడమ్". మూడు రోజులుగా లోడవుతోంది.

జూన్ 26, గురువారం

వచ్చింది. సాయంత్రమే నిచ్చెన వేసి, తీగను సరిగ్గా సగానికి కత్తిరించి, మధ్యన ప్లాస్టిక్ ముక్క పెట్టినాను. ముక్కకు అటు ఒక సగం, ఇటు ఒక సగం. కేబులులోని రెండు తీగలూ చెరో సగానికి. సరిగ్గా గోడ మీదికి వచ్చింది ఆ మధ్య చోటు.

మీటరు చూసినాను. పంపినదాంట్లో తిరిగొచ్చేది దాదాపు ఏమీ లేదు. ముల్లు లేవనే లేదు. అంతా బయటికి పోతోంది!

ఎవరికైనా చెప్పాలనిపించింది. గోడ దగ్గరికి పోయి ఈరమ్మక్కకు చెప్పినాను. ముల్లు లేవకపోవడం మంచిదెట్లా అని అడిగింది. చెప్పినాను. "అట్లనా" అంది. అర్థమైందని కాదు, నేను సంతోషంగా ఉన్నానని.

రేపు, ఎల్లుండి ఆలూరులో ప్రాక్టికల్స్‌కు ఎగ్జామినర్‌గా పోవాల. ఆరు గంటల బస్సు. రెండు పొద్దులు పోయినట్టే. ఆదివారం ఉంది. ఆఖరి నెట్టే నా మొదటిది. అది కూడా బాగానే ఉంది — అనుకుంటాను.

జూన్ 28, శనివారం

ఆలూరు నుంచి నిలబడే వచ్చినాను. కాళ్ళు వాచినాయి. దిగగానే మేడ మీదికి చూసినాను. తీగ ఉంది. చాలు.

మైకులో ఏమనాలి? కాల్ సైన్, ఊరు, ఆయన గొంతు నాకెట్లా వినపడుతోందో చెప్పే అంకెలు. నియమం అంతే. ఆ తర్వాత... మా ఊళ్ళో గాలి బాగా ఉంది మాస్టారూ, అని చెప్తాను.

రేడియోలో ఆడవాళ్ళందరినీ, ముసలమ్మలైనా సరే, యంగ్ లేడీ అనే అంటారు. నలభై ఆరేళ్ళకు అది వినాలని ఇంత ఆరాటం. నవ్వు వస్తోంది.

జూన్ 29, ఆదివారం

వినపడలేదు.

మధ్యాహ్నం. వరుసగా రాస్తాను.

ఆరున్నరకే కూర్చున్నాను. ఏడు గంటలకు ఆయన గొంతు — బావిలోంచి వచ్చినట్టు. పాత ఆరడుగుల తీగ మీద కూడా ఇంకా బాగా వచ్చేది. మైకు నొక్కి చూసినాను. ముల్లు పూర్తిగా లేచి ఆ చివర కొట్టుకుంది. పంపినదంతా తిరిగి నాకే వస్తోంది.

రేడియో వెనక ప్లగ్గు తీసి పెట్టినాను. ఇంకోటి మార్చినాను. నా సోల్డరింగే ఊడిందేమో, నా లెక్కే తప్పేమో, గురువారం నేను చూసిన ముల్లు నిజం కాదేమో. అందరూ ఆయనకు వీడ్కోలు చెప్తున్నారు. తర్వాత నా వంతు.

"ఎమ్మిగనూరు అమ్మాయి. నిదానంగా లెక్కబెడతా ఈ పొద్దు."

నిజంగానే నిదానంగా. పలికినాను. మూడు సార్లు. గోడ అవతల రాట్నం లేదు, ఏ చప్పుడూ లేదు. పది.

"పలికింటే పలికినట్టే అనుకుంటా తల్లీ. ఉంటా."

ఆ తర్వాత ఒట్టి హోరు. చాలాసేపు ఆపలేదు దాన్ని.

మూడు గంటలకు గానీ నిచ్చెన వేయాలన్న ఆలోచన రాలేదు. అంతసేపూ గదిలోనే వెతికినాను, నేను చేసిన వాటిలోనే. పైకెక్కి చూస్తే — ప్లాస్టిక్ ముక్క ఉంది. దాని మీదుగా, రెండు సగాలనూ కలుపుతూ, కొత్త రాగి తీగ ముక్క. ఎంత నున్నటి మెలిక. వేలితో రాస్తే తగలదు. అట్లాంటి ముడి ఈ వీధిలో ఒక్క చేయే వేస్తుంది.

రెండుగా ఉంటేనే పలికే తీగ. ఒకటి చేసినాడు.

కోపం వచ్చింది. నిచ్చెన మీద నిలబడే వచ్చింది, కిందికి దిగేలోపల ఏమైందో తెలీదు. నేను అడగకుండా ఆయన కొమ్మ నరికించినాను. ఆయన అడగకుండా నా తీగ కలిపినాడు. రెండూ ఒకటే అని నన్ను నేను ఓదార్చుకోవడం లేదు. ఒకటి కాదు.

అదే రోజు, సాయంత్రం

ఈరమ్మక్క గోడ మీదికి గిన్నె పెట్టింది. బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. పక్కన నీలకంఠన్న, భుజం మీద తువ్వాలు.

"పలికినాడా ఆయప్ప?"

ఇద్దరూ చూస్తున్నారు. నేను చెప్పేలోపలే నీలకంఠన్న అందుకున్నాడు — "శుక్రారం ఎండ పడితే చూసినా. నట్టనడుమ తెగిపోయింది. నువ్వు ఊళ్ళో ల్యాకుంటివి. తెగిన పోగు కండ్ల పడితే సెయ్యి ఊరుకుంటాదా? నేనే కలిపినా."

"పలికినాడు" అన్నాను.

ఆయన ముఖం... "మరి" అన్నాడు. అంతే. లోపలికి పోయినాడు. మగ్గం మొదలైంది.

మళ్ళీ అదే. ఫ్రిజ్ షాపులో సారు వస్తాడన్నట్టు. మాట అక్కడితో అయిపోవాలని అన్నానా? లేక ఆ ముఖం చూసి అన్నానా? కొమ్మ గురించి వాళ్ళు నన్ను పద్నాలుగు నెలలు ఏమీ అనలేదు. అందులో ఎంత బాధ ఉందో నాకు తెలుసు. నిజం చెప్పి ఉండాల్సిందేమో. అట్లా చేయొద్దన్నా, అది అట్లే ఉండాల, అని నవ్వుతూ చెప్పి ఉండొచ్చు. నవ్వుతూ చెప్పడం నాకు రాదు.

బజ్జీలు చల్లారినాక తిన్నాను.

లారీ మంగళవారం. తీగ మంగళవారం దాకా ఉంటుందన్నాడు. పుస్తకం మూసేసినాడో లేదో.

జూన్ 30, సోమవారం

అయిదున్నరకు నిచ్చెన. పక్కింట్లో మగ్గం అప్పటికే ఆడుతోంది. కటింగ్ ప్లేయరుతో ఆ మెలిక విప్పడానికి పది నిమిషాలు పట్టింది — అంత బాగా వేసినాడు. కోసెయ్యొచ్చు. కోయలేదు. విప్పినాను. ముక్క జేబులో వేసుకున్నాను.

తల తిప్పితే అవతల ఈరమ్మక్క, చేతిలో బిందె. ఎంతసేపటి నుంచి ఉందో. నన్ను చూసింది. నా చేతిలో ప్లేయరు చూసింది. పైన తీగలో ఆ సందు చూసింది.

ఇప్పుడు చెప్పాల. "అక్కా..." అన్నాను.

"గాలి తగ్గింది ఈ పొద్దు" అంది. మగ్గం వైపు ఒకసారి చూసి, బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

మీటరు. ముల్లు లేవలేదు.

ఆరు యాభై. నెట్టు లేదని తెలుసు. ఇంకెవరు నడుపుతారో నిన్న ఎవరూ అనుకోలేదు. ఆయన రేడియో అట్టపెట్టెలోకి పోయిందేమో. పొద్దున్నే చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయే మనిషి, ఒక్క పొద్దయినా...

ఏడు. ఎవరూ పిలవలేదు. హోరు. ఇంత శుభ్రమైన హోరు ఇంతవరకు వినలేదు. తీగ బాగుంది.

రాట్నం తిరుగుతోంది అవతల. మైకు నొక్కినాను. కాల్ సైన్, రెండుసార్లు. ఎమ్మిగనూరు. గుంతకల్లు మాస్టారు ఉంటే, ఎవరున్నా, పలకండి. పది లెక్కపెడతాను.

మైకు వదిలినాను. గోడ అవతల రాట్నం ఆగింది.

ఎడమ చేత్తో రాస్తున్నాను, కుడి చెయ్యి మైకు మీద. మూడు. నాలుగు. నిదానంగా లెక్కపెడుతున్నాను...